పరదేశపు పళ్లు, చిరుతిళ్లు పిల్లలకు రుచి చూపించే తీరు

స్కూల్లో లంచ్‌బాక్స్ మూత తీయగానే పక్క పిల్లాడు ముక్కు మూసుకుంటే ఎలా ఉంటుందో ప్రవాసంలో పెరిగే మన పిల్లల్లో చాలామందికి తెలుసు. అయినా సెలవులకి ఇంకో దేశం తీసుకెళ్తే, బ్యాంకాక్ వీధిలో ఘాటు వాసన వేసే డురియన్ పళ్ల బండి కనపడగానే వీళ్లూ అదే పని చేస్తారు. బండి మనిషి ఎదురుగానే నిలబడి చూస్తుంటాడు. అందుకే రుచి సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఒక నియమం ఉండాలి: తినకపోయినా ఫర్వాలేదు, ఒకరి తిండిని చూసి "ఛీ" అనకూడదు. వద్దని మర్యాదగా చెప్పడం ఆ ఊరి భాషలోనే నేర్పండి. థాయ్‌లో "మై ఆవ్" అంటే వద్దని. మాట చివర మగపిల్లలు "ఖ్రాప్", ఆడపిల్లలు "ఖా" చేరిస్తే మర్యాదగా ఉంటుంది.

ముక్క చాలా చిన్నదిగా ఉండాలి, చిటికెన వేలి గోరంత. చేతికి టిష్యూ ఇచ్చి, నచ్చకపోతే అందులో ఉమ్మేయొచ్చని ముందే చెప్పండి. ఆ వీలుందని తెలిస్తేనే భయపడే పిల్లలు నోరు తెరుస్తారు. తిన్నాక "బాగుందా?" అంటే అవుననో కాదనో చెప్పి ఊరుకుంటారు. పుల్లగా ఉందా, వగరుగా ఉందా, పీచు తగిలిందా, నాలుక మీద జారిపోయిందా అని అడగండి, మాటలు వాటంతట అవే వస్తాయి. రోజుకి ఒక్క కొత్త వస్తువు చాలు. రెండు మూడు కలిపి పెడితే, ఒంటి మీద దద్దుర్లు వచ్చినప్పుడు ఏది పడలేదో తేలదు. భోజనానికి గంట ముందు, కాస్త ఆకలి మీద ఉన్నప్పుడు మంచి సమయం. జెట్‌లాగ్ తీరని మొదటి రోజూ, తిరుగు విమానానికి ముందు రోజూ కొత్తవి పెట్టకండి.

ఆగ్నేయాసియా పళ్లలో మొదలుపెట్టడానికి మాంగోస్టీన్‌ని మించింది లేదు. తియ్యగా, కొద్ది పులుపుతో ఉంటుంది, వాసన ఘాటుగా ఉండదు. కొనేటప్పుడు బొటనవేలితో నొక్కి చూడండి: తొక్క కొద్దిగా లోపలికి పోవాలి. రాయిలా ఉంటే పాతబడి ఎండిపోయినట్టు. తొడిమ ఉన్న వైపు కాకుండా అడుగున చిన్న పువ్వులాంటి గుర్తు ఉంటుంది, దానికి ఎన్ని రేకలుంటే లోపల అన్ని తొనలు. తొక్క విప్పకముందే లెక్క చెప్పమంటే పిల్లలు పండుని వదిలిపెట్టరు. రెండు చేతుల మధ్య పెట్టి అదిమితే తొక్క పగులుతుంది. తొనలు తెల్లగా ఉండాలి. గాజులా పారదర్శకంగా మారినవీ, పసుపు జిగురు అంటినవీ పక్కన పెట్టేయండి, ఆ జిగురు చేదు. తొక్క రసం బట్టలకి అంటితే మరక పోవడం కష్టం, కాబట్టి హోటల్ తెల్ల తువ్వాలు దగ్గర పెట్టుకోవద్దు.

జపాన్‌లో పెర్సిమన్ పండు కొనేటప్పుడు రకం తెలియాలి. బల్లపరుపుగా ఉండే ఫుయూ గట్టిగా ఉన్నప్పుడే కోసుకు తినొచ్చు. కింద మొనదేలి ఉండే హచియా మాత్రం జెల్లీలా మెత్తబడేదాకా ఆగాలి. అంతకుముందు కొరికితే టానిన్ల వల్ల నోరంతా వగరెక్కి పిడచకట్టుకుపోతుంది, ఆ పిల్లాడు మళ్లీ ఆ పండు జోలికి వెళ్లడు. డురియన్‌ని బండి దగ్గరే, ఆరుబయట తినిపించండి. సింగపూర్ మెట్రోలోకి దాన్ని తీసుకెళ్లకూడదు, చాలా హోటళ్లూ ఒప్పుకోవు.

అమ్మమ్మా తాతయ్యా వెంట ఉంటే స్టార్‌ఫ్రూట్ దగ్గర జాగ్రత్త. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి అది ప్రమాదం: ఆగని ఎక్కిళ్లు, మతి తప్పడం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. జమైకా అకీ పండు చెట్టు మీద తనంతట తాను విచ్చుకున్నాకే తినాలి. పచ్చిగా ఉంటే అందులోని హైపోగ్లైసిన్ అనే విషం రక్తంలో చక్కెరని ప్రమాదకరంగా తగ్గించేస్తుంది. దాన్ని చెట్టు నుంచో బండి మీద నుంచో తెచ్చి మీరే వండకండి. లేటెక్స్ (బెలూన్లు, గ్లోవ్స్‌లోని రబ్బరు) పడని పిల్లలకి కివీ, అవకాడో, అరటి కూడా పడకపోవచ్చు. జీడిపప్పు ఎలర్జీ ఉంటే పిస్తా కూడా చాలాసార్లు పడదు కాబట్టి ఇస్తాంబుల్‌లో పిస్తా పెట్టి చేసే బక్లావా మిఠాయి దగ్గర ఆగి అడగండి. తీవ్రమైన ఎలర్జీకి డాక్టర్ రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను చేతిసంచిలోనే ఉండాలి, చెక్‌ఇన్ సామానులో కాదు.

అయిదేళ్లలోపు పిల్లలకి రుచికన్నా ఆకారం పెద్ద సమస్య. రాంబుటాన్, లాంగాన్, లీచీ గుండ్రంగా, జారుడుగా ఉంటాయి. గింజ తీసి, నిలువునా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. చిన్న కప్పుల్లో వచ్చే, కొంజాక్ అనే దుంప పిండితో చేసిన జెల్లీ నోట్లో కరగదు, పీల్చి తింటే నేరుగా గొంతుకి అడ్డం పడుతుంది. అందుకే 2003లో ఐరోపా సమాఖ్య జెల్లీ మిఠాయిల్లో కొంజాక్ వాడకాన్ని నిషేధించింది. మోచీ అనే జపాన్ బియ్యపు జిగురు ముద్దలు, బబుల్ టీలోని సగ్గు ముత్యాలు కూడా ఇదే కోవలోవి. లావు స్ట్రాతో గట్టిగా పీలిస్తే ముత్యం గొంతులోకి దూసుకుపోతుంది, చిన్నవాళ్లకి వద్దనే నా మాట.

కోసి పెట్టిన పండు కన్నా కోయని పండు కొనుక్కుని మనం కోసుకోవడం మేలు. తొక్క పారేసేదే అయినా ముందు మంచినీళ్లతో కడగాలి, లేకపోతే తొక్క మీది క్రిములని కత్తే లోపలికి తీసుకెళ్తుంది. కోసిన ముక్కలు బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంట, అంతకుమించి ఉంచకూడదు. నీళ్లు నమ్మలేని చోట ఐస్ కూడా నమ్మొద్దు.

ప్యాకెట్ తిళ్లలో శాకాహార కుటుంబాలకి జపాన్ కష్టం. బియ్యపు బిస్కెట్లలో, చిప్స్‌లో చేపతో కాచిన దాషీ అనే రసం తరచూ ఉంటుంది. ఐరోపాలో గమ్మీల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్, ఎర్ర మిఠాయిల్లో ఈ120 అనే పురుగు రంగు చూసుకోవాలి. పర్మిజానో రెజ్జానో చీజ్‌ని పాలు విరగడానికి వాడే, దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తోనే చేస్తారు. ఐరోపా లేబుళ్ల మీద 14 రకాల ఎలర్జీ పదార్థాలని జాబితాలో బోల్డ్ అక్షరాల్లాంటి తేడాతో చూపిస్తారు. అమెరికాలో అవి తొమ్మిది, 2023 నుంచి నువ్వులు కూడా అందులో చేరాయి.

పానీయాల్లో పేరుని నమ్మడానికి లేదు. ఓర్చాతా వలెన్సియాలో చూఫా అనే చిన్న దుంపలతో, మెక్సికోలో బియ్యం, దాల్చినచెక్కతో చేస్తారు. పెరూలో ఊదా మొక్కజొన్నతో కాచే చిచా మొరాదా పిల్లలు తాగొచ్చు, చిచా దె హోరా మాత్రం పులియబెట్టింది, మత్తు ఉంటుంది. రష్యాలో రొట్టెతో చేసే క్వాస్‌లోనూ కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది. థాయ్ టీ, దక్షిణ అమెరికా పానీయాలైన మాతే, గ్వరానా మూడింట్లోనూ కెఫీన్ ఉంది, సాయంత్రం పోస్తే రాత్రికి నిద్ర ఉండదు.

పిల్లలకి బాగా నచ్చిన పండుని ఇంటికి తీసుకెళ్దామంటారు. చాలాసార్లు కుదరదు. బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా వెళ్లే పళ్లు అయిదే: అనాస, కొబ్బరి, డురియన్, అరటి, ఖర్జూరం. న్యూజిలాండ్‌లో చెప్పకుండా ఒక్క పండు తెచ్చినా అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా పడొచ్చు. విమానంలో ఇచ్చిన యాపిల్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. దిగేముందు పిల్లల బ్యాగుల జేబులన్నీ ఒకసారి తడిమి చూడండి.