సోచి మార్కుల పత్రం మీద నా అభ్యంతరం

జంపులు లెక్కపెట్టి పతకం మెడలో వేసేటట్లయితే సంగీతం దేనికి? నాలుగు నిమిషాల పాటు మంచు మీద ఆ మలుపులు, ఆ వేగం, ఆ చేతుల కదలిక దేనికి? గెంతి, దిగి, దండం పెట్టి వెళ్లిపోవచ్చు కదా. ఫిగర్ స్కేటింగ్ అంటే నాకు ఇంత ప్రాణం కావడానికి కారణం ఒక్కటే. కొలవడానికి వీలైనదాన్నీ వీలుకానిదాన్నీ ఒకే మనిషి ఒకే ఊపులో చేసి చూపించే ఆట ఇది. ఒలింపిక్స్‌లో మాత్రం కొలవలేని ఆ సగానికి ఏళ్ల తరబడి అన్యాయం జరుగుతూ వచ్చింది. 2014లో రష్యాలోని సోచిలో జరిగినది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తి వైపు ఒక గ్రానైటు క్వారీకి లెక్కలు రాయడం నా ఉద్యోగం. కొత్తపట్నం ఒడ్డున చేపల పెట్టెల్లో పోసే ఐసు తప్ప మా వైపు జనానికి వేరే మంచు తెలియదు. అయినా ఈ ఆట నన్ను పట్టుకున్నది అందంతోనే కాదు, దాని మార్కుల పత్రంతో కూడా. పోటీ ముగిసిన కాసేపటికే ప్రతి స్కేటర్‌కూ ఒక పత్రం విడుదల చేస్తారు. చేసిన ప్రతి అంశానికీ ఒక వరుస, దాని మూల విలువ (కష్టాన్ని బట్టి ముందే నిర్ణయించిన మార్కు), తొమ్మిది మంది జడ్జీలు వేసిన మార్కులు, చివర మొత్తం. అన్నిటికన్నా ఎక్కువ వేసిన జడ్జీ మార్కునూ తక్కువ వేసిన జడ్జీ మార్కునూ తీసేసి మిగతా ఏడింటికి సగటు కడతారు. పద్దుల పుస్తకం చదవడం అలవాటైన కళ్లకు ఇది మంచి పుస్తకం.

సోచిలో అమ్మాయిల పోటీలో దక్షిణ కొరియాకు చెందిన యూనా కిమ్ చిట్టచివరి స్కేటర్. అప్పటికి మనకు అర్ధరాత్రి దాటింది. నలుపు, ఊదా రంగుల దుస్తులు, టాంగో సంగీతం. ఒక్క జంపు తప్పలేదు, ఒక్క దిగడం తడబడలేదు. నాలుగేళ్ల ముందు వాంకూవర్‌లో 228.56 మార్కులతో అందరినీ అందనంత దూరంలో వదిలేసిన అమ్మాయి, అంతే నిబ్బరంగా తన ఆఖరి పోటీ ముగించింది. ఫలితం వచ్చేసరికి రెండో స్థానం. రష్యా అమ్మాయి అడెలినా సోత్నికోవాకు 224.59, యూనాకు 219.11. తేడా 5.48.

ఇక్కడ నేను న్యాయంగానే మాట్లాడాలి. పోటీలో రెండు భాగాలు, చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, పొడుగైన ఫ్రీ స్కేటింగ్. సోత్నికోవా ఫ్రీ స్కేటింగ్‌లో ఏడు ట్రిపుల్ జంపులు, అంటే గాలిలో మూడు చుట్లు తిరిగేవి, చేసింది, యూనా ఆరు చేసింది. యూనా కార్యక్రమంలో లూప్ అనే రకం ట్రిపుల్ జంపు లేదు. మంచు మీద ఆమె అల్లిన అడుగుల వరుసకు అన్నిటికన్నా పైదైన నాలుగో స్థాయి రాలేదు, మూడే వచ్చింది. అందువల్ల మూల విలువలో సోత్నికోవాకు 61.43, యూనాకు 57.49. ఈ తేడాను నేను ఒప్పుకుంటాను. కష్టమైన పని ఎక్కువ పెట్టుకున్న మనిషికి ఎక్కువ రావలసిందే. చేసిన తీరుకు కలిపే మార్కుల్లో కూడా సోత్నికోవాకే ఎక్కువ వచ్చాయి, ఆమెకు 14.11, యూనాకు 12.20. సోత్నికోవా కార్యక్రమంలో మూడు జంపుల వరుస చివర రెండు పాదాల మీద దిగడం అందరూ చూశారు కాబట్టి ఇక్కడ నాకు అనుమానం మొదలవుతుంది.

నా అసలు అభ్యంతరం పత్రంలో ఆ తర్వాతి పెట్టె మీద. అక్కడ జంపుల ప్రసక్తి ఉండదు. స్కేటింగ్ నైపుణ్యం, జంపుకీ జంపుకీ మధ్య కదలికలు, ప్రదర్శన, కూర్పు, సంగీతాన్ని పలికించిన తీరు, ఈ ఐదింటికి అప్పట్లో మార్కులు వేసేవారు. యూనాకు 74.50. సోత్నికోవాకు 74.41. తేడా 0.09 మాత్రమే! ఆ సీజనులో అంతకుముందు ఏ పోటీలోనూ సోత్నికోవాకు అన్ని రాలేదు. సంగీతాన్ని పలికించే తీరు ఒక నెలలో అంత పెరుగుతుందా? పాదాల కింద వేగం అంత పెరుగుతుందా? సొంత ప్రేక్షకుల కేకలు పెరిగాయి, జంపుల సంఖ్య పెరిగింది. ఆ రెండింటి వెనకాలే ఈ మార్కులు నడిచి వెళ్లాయి. నా కోపమంతా దీని మీదే.

ఆ ప్యానెల్లో కూర్చున్న ఒక జడ్జీ 1998 నగానో ఒలింపిక్స్‌లో ఒక పోటీ ఫలితం గురించి ఫోనులో ముందే మాట్లాడుకున్నందుకు నిషేధం అనుభవించిన మనిషి. మరొకరు రష్యా స్కేటింగ్ సమాఖ్య ఉన్నతాధికారి భార్య. వీళ్లు ఏ మార్కు వేశారో మనకు తెలియదు. అప్పటి నిబంధన ప్రకారం పత్రంలో జడ్జీల మార్కులు పేర్లు లేకుండా, వరుస కలిపేసి అచ్చువేసేవారు. కొరియా వాళ్లు ఫిర్యాదు చేస్తే అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య కొట్టిపారేసింది.

మా నాన్న పొగాకు రైతు, కొండపి దగ్గర మా ఊరు. బ్యారన్‌లో క్యూరింగ్ చేసిన ఆకును గ్రేడుల వారీగా విడదీసి, బేళ్లు కట్టి వేలం కేంద్రానికి తీసుకువెళ్లేవారు. అక్కడ కూడా నిర్ణయం కంటితో, చేతితోనే. కొనేవాళ్లు ఆకు రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి ధర చెప్పేవారు. ఏ తూకం యంత్రమూ ఆకు నాణ్యతను చెప్పలేదు. ఒక్కోసారి మంచి బేలుకు తక్కువ పలికేది, నాన్న ముఖం మాడిపోయేది. అయినా ఎవరు ఎంత పాడారో ఆ వరుసలో నిలబడ్డ ప్రతి రైతుకూ తెలుసు. ధర గిట్టదనిపిస్తే బేలు వెనక్కి తెచ్చుకునే హక్కు నాన్నకు ఉండేది. కంటితో తీర్పు చెప్పడాన్ని నేనెప్పుడూ తప్పుపట్టను. ముఖం దాచుకుని తీర్పు చెప్పడాన్నే తప్పుపడతాను. యూనాకు ఆ వరుసలో నిలబడి ఎవరు ఎంత వేశారో చూసే అవకాశం కూడా ఇవ్వలేదు.

ఈ ముఖం దాచడం ఎక్కడ మొదలైందో చెప్పాలి. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ. రష్యా జంటకు స్వర్ణం వచ్చింది. తన మీద ఒత్తిడి వచ్చిందని ఫ్రాన్స్ జడ్జీ చెప్పడంతో గొడవ పెద్దదై, కెనడా జంటకు కూడా స్వర్ణం ఇచ్చారు. అప్పటిదాకా ఆరుకు ఎంత అని మార్కులు వేసేవారు. ఆ పద్ధతిని తీసేసి ఇప్పటి పాయింట్ల పద్ధతి తెచ్చారు, 2006 టురిన్ నుంచి ఒలింపిక్స్‌లో అదే. దానితో పాటే, సొంత సమాఖ్యల ఒత్తిడి జడ్జీల మీద పడకూడదని పేర్లు దాచారు. ఒత్తిడి తగ్గించడానికి చేసిన పని జవాబుదారీనే తగ్గించింది. 2016లో గాని ఆ రహస్యం రద్దు కాలేదు. యూనాకు రెండేళ్లు ఆలస్యంగా!

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ సమయంలో మా అక్క కొడుకు మా ఇంట్లో ఉన్నాడు. మగవాళ్ల పోటీ చూస్తూ, "పిన్నీ, కిందపడ్డవాడికి ఇన్ని మార్కులు ఏమిటి?" అని అడిగాడు. సరైన ప్రశ్న. అప్పటి పట్టిక ప్రకారం లట్జ్ అనే జంపును నాలుగు చుట్లతో చేస్తే విలువ 13.6. పూర్తిగా తిరిగి, దిగేటప్పుడు పడిపోతే నాణ్యతలో 4 పోతాయి, పడినందుకు ఇంకో 1 పోతుంది. అంటే ఇంకా 8.6 మిగులుతాయి. చక్కగా, నిలువుగా దిగిన మూడు చుట్ల లట్జ్‌కు మూల విలువ 6.0 మాత్రమే. పడినవాడు నిలబడినవాడికంటే ముందుంటాడు. వాడికి లెక్క కాగితం మీద వేసి చూపించాను. "ఇది తప్పు కదా" అన్నాడు. తప్పే. ఆ ఒలింపిక్స్ అయ్యాక సమాఖ్య కూడా మార్చింది. నాలుగు చుట్ల లట్జ్ విలువ 11.5కు తగ్గింది, పడితే దాదాపు సగం పోతుంది, ఆపైన ఇంకో 1. మిగిలేది 4.75. ఇప్పుడు శుభ్రమైన ట్రిపుల్ లట్జ్ 5.9తో దానికి పైన నిలబడింది. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఆ ఏడాదే అమ్మాయిల పోటీలో రష్యా వాళ్లు అలీనా జగితోవా, ఎవ్గేనియా మెద్వెదేవా ఇద్దరికీ ఫ్రీ స్కేటింగ్‌లో సరిగ్గా 156.65. షార్ట్ ప్రోగ్రామ్‌లో ఉన్న 1.31 ఆధిక్యంతో పదిహేనేళ్ల జగితోవాకు స్వర్ణం. ఆమె జంపులన్నీ రెండో సగంలో పెట్టుకుంది, ఎందుకంటే రెండో సగం జంపులకు పది శాతం అదనం. కష్టమే, కాదనను. కాని మొదటి రెండు నిమిషాలు ఖాళీగా, రెండో రెండు నిమిషాలు ఇరుకుగా ఉన్న కూర్పును కూర్పు అనడానికి నాకు మనసు రాదు. తర్వాత ఆ అదనాన్ని ఫ్రీలో చివరి మూడు జంపులకే పరిమితం చేశారు. మెద్వెదేవా గెలవాల్సిందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

2022 బీజింగ్ ఒలింపిక్స్ గురించి ఎక్కువ రాయలేను. రష్యాకు చెందిన పదిహేనేళ్ల కమిలా వలియేవా పరీక్షలో నిషేధిత మందు బయటపడినా ఆమెను పోటీలో ఉంచారు. ఫ్రీ స్కేటింగ్‌లో ఆ పిల్ల పదేపదే పడుతుంటే ప్రపంచమంతా చూసింది. ఆమె జట్టులోని అలెగ్జాండ్రా త్రుసోవా ఒకే కార్యక్రమంలో ఐదు క్వాడ్‌లు, అంటే నాలుగు చుట్ల జంపులు చేసి, రజతానికి ఏడ్చింది. స్వర్ణం గెలిచిన అన్నా షెర్బకోవా పక్కన సంతోషం పంచుకునే మనిషి లేదు. పెద్దవాళ్లంతా ఎక్కడికి పోయారు? పోటీ వయసును పదిహేడుకు పెంచారు, చాలా మంచి పని చేశారు.

ఆ పోటీలోనే కాంస్యం అందుకున్నది జపాన్ అమ్మాయి కవోరి సకమోటో. ఇరవై ఒక్కేళ్లు. క్వాడ్ లేదు, మూడున్నర చుట్లు తిరిగే ట్రిపుల్ ఆక్సెల్ లేదు. ఉన్నదల్లా వేగం, పాదాల కింద నమ్మకం. ఆమె డబుల్ ఆక్సెల్ ఎంత పెద్దదంటే, మంచు అడ్డంగా దాటేస్తుందేమో అనిపిస్తుంది. దిగిన తర్వాత కూడా వేగం తగ్గదు. మిగతావాళ్లు జంపు కోసం పరుగెత్తుతారు, ఈమె పరుగులో ఉండగా జంపు వచ్చి కలుస్తుంది. 2022, 2023, 2024 ప్రపంచ పోటీల్లో వరుసగా స్వర్ణాలు ఆమెవే. నాకు ఈ ఆటలో ఎవరు ఇష్టమని అడిగితే యూనా తర్వాత ఆమె పేరే చెబుతాను.

మగవాళ్లలో అమెరికాకు చెందిన జేసన్ బ్రౌన్ ఒక్క క్వాడ్ కూడా లేకుండా బీజింగ్‌లో ఆరో స్థానం తెచ్చుకున్నాడు. అతని స్కేటింగ్‌కు మించింది ఆ రింకులో లేదని నా అభిప్రాయం, అయినా అంతకన్నా పైకి వెళ్లే దారి పట్టికలోనే లేదు. మగవాళ్ల ఫ్రీ స్కేటింగ్‌లో కళకు ఇచ్చే మార్కులు 100 దాటకూడదు. సాంకేతిక మార్కులకు అలాంటి పైకప్పు లేదు. 2024లో మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో అమెరికా కుర్రాడు ఇల్యా మాలినిన్ ఆరు క్వాడ్‌లతో ఫ్రీలో 227.79 తెచ్చుకున్నాడు. వాటిలో నాలుగున్నర చుట్ల ఆక్సెల్ ఒకటి. అది అద్భుతం, నోరు తెరుచుకుని చూశాను. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జపాన్ స్కేటర్ యుజురు హన్యు అంతటివాడు బీజింగ్‌లో ప్రయత్నించి పడిన జంపు అది. మాలినిన్ మీద నాకు ఏ కోపమూ లేదు. పట్టిక ఒకవైపు మాత్రమే ఆకాశం చూపిస్తోందన్నదే నా బాధ.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. జంపుల నాణ్యతకు మార్కులు వేసే జడ్జీలు వేరు, స్కేటింగుకు మార్కులు వేసేవాళ్లు వేరు కావాలి. ఇప్పుడు అదే మనిషి అదే నిమిషంలో జంపు నచ్చిన సంతోషంతో సంగీతానికీ మార్కు వేస్తున్నాడు. రెండో బృందం ముందు జంపుల విలువలు చూపించే తెర ఉండకూడదు. ఎవరు ఎంత వేశారో పేరుతో సహా అచ్చు కావడం ఇక ఎన్నటికీ ఆగకూడదు.

సోచిలో సోత్నికోవాదే గెలుపని వాదించేవాళ్లకు ఒక విన్నపం. స్కేటు పలక మధ్యలో గాడి ఉంటుంది, దానికి రెండు వైపులా రెండు అంచులు. లట్జ్ జంపు బయటి అంచు మీద నుంచి లేవాలి, లోపలి అంచు మీదకు వాలితే అది నిజానికి ఫ్లిప్ అనే వేరే జంపు లాంటిదవుతుంది, దాని విలువ తక్కువ. సోత్నికోవా ఫ్రీ స్కేటింగ్‌లో లట్జ్ లేచే క్షణాన్ని నెమ్మదిగా నడిపి ఆమె ఎడమ పాదం చూడండి. నా కంటికి అది లోపలికి వాలింది. ఆ రాత్రి పత్రంలో ఆ వరుస పక్కన తప్పు గుర్తు లేదు. వాదన అక్కడి నుంచి మొదలుపెడదాం.