సూదీ దారం దగ్గర కూర్చోబెడితే

మేముండేది అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ నగరం. ఇక్కడ మనవాళ్ళ పిల్లలకు శనివారం తెలుగు బడి, ఆదివారం కూచిపూడో సంగీతమో, మధ్యలో లెక్కల ట్యూషను. మా అమ్మాయిని బొంతలు కుట్టడం నేర్పే తరగతిలో చేర్పించానని తెలిసి తోటి తల్లులు కొందరు, "కాలేజీ దరఖాస్తుకు అదేం పనికొస్తుంది?" అని అడిగారు. నాకు తెలిసి పనికిరాదు.

మన కళల తరగతులన్నీ చివరకు వేదిక మీదికే చేరుతాయి. అలంకరణ, చప్పట్లు, ఫోనులో వీడియో, దాన్ని ఊళ్ళో బంధువులకు పంపడం. బట్టల దుకాణం వెనక గదిలో జరిగే ఈ తరగతిలో వేదిక లేదు. ఉన్నదల్లా ఇస్త్రీ బల్ల, కుట్టుమిషన్లు, డెబ్బై దాటిన పెద్దావిడలు. మా పిల్లకు ఈ దేశంలో నేను ఇవ్వలేకపోయింది సంస్కృతి కాదు, చేతులతో పని చేసుకుంటూ కబుర్లు చెప్పే ముసలివాళ్ళ సావాసం. అది ఇక్కడ దొరికింది.

మొదట నేర్పింది తొమ్మిది ముక్కల చదరం. రెండున్నర అంగుళాల ముక్కలు తొమ్మిది కోసి, అంచున పావు అంగుళం వదిలి కలిపి కుడితే చదరం ఆరున్నర అంగుళాలు రావాలి. మా అమ్మాయిది ఆరుంపావు వచ్చింది. టీచరుగారు ముందు వైపు చూడనే లేదు. చదరాన్ని తిరగేసి, కుట్టు వెంట స్కేలు పెట్టి చూపించింది. ప్రతి అంచునా కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తినేసింది. రెండు కుట్లకు కలిపి నాలుగు అంచులు, పావు అంగుళం మాయం. భిన్నాల లెక్కలంటే మూతి ముడిచే పిల్ల, ఆ సాయంత్రం కుట్లన్నీ ఊడదీసి మళ్ళీ కూర్చుంది.

ఈ ఊళ్ళోనే అంతర్జాతీయ క్విల్ట్ మ్యూజియం, అంటే బొంతల మ్యూజియం ఉంది. 1997లో ఇక్కడి విశ్వవిద్యాలయంలో మొదలైంది. తరగతిలో చేరాకే అక్కడికి వెళ్ళాం, ఓ సంగతి తెలిసింది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన అద్దకం బట్టలకు యూరప్‌లో ఎంత గిరాకీ అంటే, తమ నేతగాళ్ళ గోల భరించలేక ఇంగ్లండు 1700లో వాటి దిగుమతిని నిషేధించింది. ఆ తర్వాతి కాలంలో అమెరికా ఆడవాళ్ళు అలాంటి బట్టల్లోని పూలనూ పిట్టలనూ కత్తిరించి దుప్పట్ల మీద అతికి కుట్టుకున్నారు. కలంకారీ గురించి నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా "ఊఁ" అనే పిల్ల, ఈ సంగతి టీచరుకు తనే వెళ్ళి చెప్పింది.

టీచరు బదులుగా అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊరి గురించి చెప్పింది. ఒకప్పటి బానిసల వారసులైన నల్లజాతి స్త్రీలు చలికి తట్టుకోవడానికి చిరిగిన పొలం బట్టలతో కుట్టుకున్న బొంతలు ఇప్పుడు పెద్ద మ్యూజియంలలో వేలాడుతున్నాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మనింట్లో పాత చీరలతో కుట్టిన బొంతను చుట్టాలొస్తే మంచం కిందికి తోసేవాళ్ళం కదా!

పోయిన వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. పగలంతా టీవీ తప్ప దిక్కులేదని విసుక్కుంటుంటే మనవరాలు తరగతికి తీసుకెళ్ళింది. గజం పన్నెండు డాలర్లు పెట్టి కొత్త బట్ట కొని దాన్ని ముక్కలు చేయడం చూసి మా అమ్మకు గుండె ఆగినంత పనైంది. "మధ్యలో ఈ దూది దేనికే? పాత నేత చీరలు నాలుగు పొరలు పరిస్తే చాలదూ!" అంది. మా అమ్మాయి తనకొచ్చిన తెలుగుతో ఆ మాట అటూ ఇటూ చేరవేసింది. పొర, మడత, టాకా, కొస వంటి మాటలన్నీ అవసరం కొద్దీ దానికి పట్టుబడ్డాయి. అమ్మ నేలమీద చీరలు పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, టాకాలు వేస్తుంటే పెద్దావిడలు చుట్టూ చేరారు.

మీరూ పిల్లలను పంపేట్టయితే పట్టుచీర ముక్కలు ఇవ్వకండి, జారిపోతాయి. నూలు చీరలైనా ముదురు ఎరుపును ముందు వేడినీళ్ళలో నానబెట్టి, రంగు దిగుతుందేమో చూసుకోండి.

అమ్మ మళ్ళీ వస్తోంది. పచ్చళ్ళు తగ్గించి పెట్టెలో పాత చీరలు పెట్టుకోమని మనవరాలు ఫోనులో పురమాయించింది. పచ్చళ్ళు తగ్గించడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు.