గడువు తేదీలు

పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరైన మా నాన్నగారు ఇప్పుడు విజయనగరంలో మా ఇంటి మందుల అలమరకు సర్వాధికారి. వంటింటి కిటికీలో అమ్మ బీపీ మాత్రల షీటు కనిపించగానే, ఎండా ఆవిరీ తగలని పడకగది బీరువాలోకి మార్చేసి, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని కారణం చెప్పారు. మాత్రలను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచి, అసలు మందు ఎంత మిగిలిందో, కొత్తగా ఏ మలినాలు పుట్టాయో కొలుస్తారని, దానితో పాటు మామూలు నిల్వ పరిస్థితుల్లోనూ ఏళ్ల తరబడి పరీక్షలు సాగుతాయని, గడువు తేదీ వెనుక ఉన్నది ఆ లెక్కలేనని ఆయన వివరిస్తుంటే నేనూ పని ఆపి విన్నాను. తేమ తగిలిన ఆస్పిరిన్ విడిపోయి వెనిగర్ వాసన వేస్తుందని చెప్పారో లేదో, పాప ఇంట్లోని సీసాల మూతలన్నీ తీసి వాసన చూసింది; అమ్మ కేకల సంగతి వేరే చెప్పాలా!

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ షిఫ్టు ముగించుకుని వచ్చినా మా చదువుల గురించి అడగకుండా నిద్రపోని మనిషి ఆయన. నాకు తెలిసి ఆ ఓపిక ప్రయోగశాల నేర్పింది కాదు, ఆయన స్వభావమే. ఇప్పుడు అమ్మకు చిన్న అక్షరాలు ఆనడం లేదని, ప్రతి మందు పెట్టె మీదా గడువు నెలను స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసిపెడుతున్నారు.