గ్లాస్గోలో ఉంటే క్లైడ్‌బ్యాంక్ టైటాన్ క్రేన్‌ని చూసి రండి

గ్లాస్గోలో మనవాళ్లు, ముఖ్యంగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు చాలామందే ఉన్నారు. సెలవు దొరికితే అందరూ ఎడిన్‌బరోకో హైలాండ్స్‌కో వెళ్తారు గానీ, రైల్లో అరగంట కూడా పట్టని క్లైడ్‌బ్యాంక్‌కి వెళ్లొచ్చామన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. లూసిటానియా, క్వీన్ మేరీ, 1967లో నీళ్లలోకి దిగిన క్యూఈ2 (క్వీన్ ఎలిజబెత్ 2), ఈ పెద్ద ఓడలన్నీ అక్కడి జాన్ బ్రౌన్ షిప్‌యార్డ్‌లో కట్టినవే. ఇప్పుడా యార్డ్ లేదు, ఆ స్థలంలో కాలేజీ, కొత్త ఇళ్లు వచ్చేశాయి. టైటాన్ క్రేన్ మాత్రం ఉంది.

1907లో కట్టారు. ఎత్తు 150 అడుగులు. కింద నిలబడి తల బాగా వెనక్కి వాల్చి చూస్తే ఇనుప దూలాల మీద వరసలు వరసలుగా రివెట్ తలలు, పైన ఒకవైపు పొడుగ్గా, ఇంకోవైపు పొట్టిగా చాచిన చెయ్యి. పొడుగు వైపు ట్రాలీ ముందుకీ వెనక్కీ నడుస్తుంది, పొట్టి వైపు ఉన్న బరువు దాన్ని తూలిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆవిరి రాజ్యమేలుతున్న ఆ రోజుల్లోనే ఇది కరెంటుతో నడిచింది, 160 టన్నులు ఎత్తేది. తర్వాత దాన్ని 200కి పెంచారు.

ఓడ జలప్రవేశం ఫొటోలు అందరూ చూస్తారు, జెండాలూ జనమూ. కానీ అప్పటికది ఉత్త డొల్ల. యార్డుకి ఎదురుగా కార్ట్ నది వచ్చి క్లైడ్ నదిలో కలిసేచోటు ఉండబట్టి, అంత పొడవైన ఓడలు అవతలి గట్టుకి గుద్దుకోకుండా జారగలిగేవి. ఆ తర్వాత దాన్ని టైటాన్ పక్కకి లాక్కొచ్చి ఇంజన్లు, బాయిలర్లు ఒక్కొక్కటే దించేవారు. నా దృష్టిలో ఓడ పుట్టేది అక్కడే, ఆ ఘనత మాత్రం జలప్రవేశం రోజున ఓడకి షాంపేన్ సీసా కొట్టి పగలగొట్టిన రాణిగారికి దక్కింది!

1941 మార్చిలో రెండు రాత్రులు జర్మన్ బాంబులు పడి ఊళ్లో దెబ్బ తగలని ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి, 500 మందికి పైగా పోయారు, క్రేన్ నిలిచింది. 1971లో యార్డులు మూసేస్తామంటే కార్మికులు సమ్మె చెయ్యలేదు, జిమ్మీ రీడ్ లాంటివాళ్ల నాయకత్వంలో పని ఆపకుండా చేసి చూపించారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు గ్లాస్గోలో ‘ఆర్మడిల్లో’ అనే ఆడిటోరియం పక్కనున్న ఫిన్నిస్టన్ క్రేన్ కూడా చూడండి. స్ప్రింగ్‌బర్న్‌లో చేసిన ఆవిరి రైలింజన్లని రోడ్డు మీద లాక్కొచ్చి దాంతోనే ఓడల్లోకి ఎక్కించేవారు, వాటిలో చాలా మన దేశానికే వచ్చాయి.