ఆరింటికి కారు కదులుతుంది

హైదరాబాద్‌లో వనస్థలిపురం నుంచి గచ్చిబౌలిలో ఆఫీసుకు మూడేళ్ళు ఒక్కడినే కారేసుకుని తిరిగాను. ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, అత్తాపూర్, టోలిచౌకి... 35 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పొద్దున గంటన్నర, సాయంత్రం ఎంతో ఆ దేవుడికే తెలియాలి. మెట్రో ఉందిగా అంటారు. ఉంది. ఎల్బీ నగర్ దాకా ఆటో, అమీర్‌పేటలో రైలు మారడం, రాయదుర్గంలో దిగాక మళ్ళీ ఆటో. వారం ఎక్కి మానేశాను.

లెక్క తేల్చింది మా ఆవిడ. రోజుకు 70 కిలోమీటర్లు, ఆ ట్రాఫిక్‌లో లీటరుకు 14 వస్తే గొప్ప. లీటరు 107 చొప్పున రోజుకు 535 రూపాయలు. నెలలో 12 రోజులు ఆఫీసుకు వెళ్తే 6,420. "మూడు సీట్లలో గాలిని ఎక్కించుకుని తిరుగుతున్నారు" అంది.

నాతోపాటు కారులో ఎవరైనా వస్తారా అని ఆఫీసు గ్రూపులో అడిగితే మా వైపు వాళ్ళు ముగ్గురు తేలారు. ఇద్దరికి కార్లున్నాయి, ఒకావిడకు లేదు. మొదటిరోజు ఆవిడ భర్త సందు చివరిదాకా వచ్చి, "ఏమనుకోకండి అన్నా" అంటూ నంబరు ప్లేటు ఫొటో తీసుకున్నాడు. ఏమనుకుంటాం, నేనైనా అదే చేసేవాణ్ణి.

రోజు ఖర్చు నలుగురం పంచుకుని తలా 134 రూపాయలు ఫోన్లో వేసేయాలనుకున్నాం. వారం తిరక్కుండానే పేచీ. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ఎక్కే కుర్రాడు తనకు తగ్గించాలన్నాడు. ఈలోగా మా పక్కింటి పెద్దాయన, తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పకూడదు, రోజూ ఈ వసూళ్ళేంటని భయపెట్టాడు. దాంతో డబ్బుల మాటే తీసేశాం. మూడు కార్లు, వారానికొకరి వంతు. కారు లేనావిడ నెలకోసారి ఆ వారం బండికి పెట్రోలు కొట్టిస్తుంది. పైసా పైసా లెక్క కుదరదు, కానీ ఎవరూ అడగడం లేదు.

అసలు తంటా టైముతో. 7:40కి బయల్దేరితే ఒక లెక్క, 7:50కి బయల్దేరితే ఆరాంఘర్ దగ్గర ఇంకో లెక్క. "రెండు నిమిషాలన్నా" అని ఆ కుర్రాడు మెసేజ్ పెడితే అప్పుడే స్నానానికి వెళ్తున్నాడని అర్థం. ఐదు నిమిషాలకు మించి ఆగకూడదని రూలు పెట్టి, రెండుసార్లు నిజంగానే వదిలేసి వెళ్ళాం. ఇప్పుడు మాకంటే ముందే టిఫిన్ డబ్బాతో నిలబడుతున్నాడు. షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ఒలికిన పల్లీ చట్నీ మరక నా వెనక సీటు మీద ఇంకా పోలేదు.

పెట్రోలు మిగిలిన మాట నిజమే. నాకు అంతకంటే పెద్ద లాభం సాయంత్రం దొరికింది. ఒక్కడినే ఉన్నప్పుడు ట్రాఫిక్ తగ్గాక వెళ్దామని ఎనిమిదిన్నర దాకా కూర్చునేవాణ్ణి. అలా కూర్చునేవాడికే చివరి పనులన్నీ తగులుకుంటాయి. ఇప్పుడు ఆరింటికి కింద ముగ్గురు ఎదురుచూస్తుంటారు. పని ఉందంటే వినని మేనేజరు కారు వెళ్ళిపోతుందంటే వింటాడని నేననుకోలేదు. మొన్న శుక్రవారం 5:50కి ఏదో కొత్త విషయం ఎత్తబోయి, నా మొహం చూసి తనే ఆగాడు.

"ఈ వారం ఎవరి కారు?" అన్నాడు.

"నాదే సార్."

"అయితే సోమవారం మాట్లాడుకుందాంలే."