మూడో కాలమ్

మా డిపార్ట్‌మెంట్‌లో సినిమాలు చూపించి చరిత్ర చెప్పేవాళ్లంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. సరదా క్లాసు అనుకుంటారు. డిగ్రీ మొత్తంలో మాతో ఎక్కువ చెమటోడ్పించిన పేపర్ అదే. మేడం ముందు కాగితాలు చదివించేవారు: ఉత్తరాలు, విచారణ నివేదికలు, ఆనాటి పత్రికల వార్తలు. అవి అయ్యాకే సినిమా. అదీ మొత్తం కాదు, ఒక ఘట్టం. చూశాక నోట్‌బుక్‌లో మూడు కాలమ్‌లు గీయాలి. జరిగినట్టే చూపించినవి ఒకదాంట్లో, కల్పించినవి రెండోదాంట్లో, వదిలేసినవి మూడోదాంట్లో రాయాలి.

రెండో కాలమ్ అంటే అందరికీ హుషారు. తప్పులు పట్టడంలో ఉండే ఉత్సాహం అలాంటిది. ఇంగ్లండ్ మీద తిరగబడిన స్కాట్లాండ్ వీరుడు వాలెస్ కథ ‘బ్రేవ్‌హార్ట్’ (1995) వేసిన రోజున ఆ కాలమ్ నిండిపోయింది. సినిమాలో చూపించిన 1297 నాటి స్టిర్లింగ్ వంతెన యుద్ధంలో అసలు వంతెనే లేదు! రాకుమారి ఇసబెల్లాతో వాలెస్‌కు ప్రేమ అంటగట్టారు. అతన్ని ఉరితీసిన 1305 నాటికి ఆమె ఫ్రాన్స్‌లో ఉన్న పదేళ్ల పిల్ల. మేం వరసగా చదువుతుంటే మేడం ఆపి, “వంతెన లేకపోతే ఏం పోయింది?” అని అడిగారు. ఇంగ్లండ్ సైన్యం ఇరుకైన వంతెన దాటుతుండగా, కొంతమంది ఇటువైపు, మిగతావాళ్లు అటువైపు ఉన్నప్పుడు మీద పడ్డారు కాబట్టే స్కాట్లు గెలిచారు. వంతెన తీసేస్తే ఆ ఆలోచన పోతుంది, ఉపన్యాసం, పౌరుషం మిగులుతాయి. తప్పు దొరికిందని సంబరపడే దశ నుంచి, ఆ తప్పు కథను ఎటు తిప్పిందని అడిగే దశకు మేం వచ్చింది ఆ క్లాసులోనే.

కల్పన అంతా ఒకే రకం కాదని కూడా అక్కడే తెలిసింది. సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ ‘బాటిల్‌షిప్ పోటెంకిన్’ (1925)లో ఒడెస్సా మెట్ల మీద సైనికులు జనాన్ని కాల్చుకుంటూ దిగుతారు. మెట్ల మీద అలాంటి ఊచకోత జరగలేదు. కానీ 1905లో ఆ నగరంలో జనం మీద కాల్పులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. ఎక్కడెక్కడో జరిగినదాన్ని ఆయన ఒకచోటికి తెచ్చాడు. దాన్ని నేను అబద్ధం అనలేను.

‘టైటానిక్’ (1997)లో ఫస్ట్ ఆఫీసర్ విలియం మర్డాక్ విషయం వేరు. కథలో ఆయన లంచం డబ్బు తన జేబులో పెడుతుంటే ఊరుకుంటాడు, తర్వాత ప్రయాణికుణ్ణి కాల్చి, తననూ కాల్చుకుంటాడు. ఆ రాత్రి ఒక అధికారి తుపాకీ పేల్చాడని బతికినవాళ్లలో కొందరు చెప్పారు గానీ, అది మర్డాక్ అని ఎవరూ నిరూపించలేదు. లంచం పూర్తిగా కల్పన. విచారణలో సాక్షులు చెప్పినదాన్ని బట్టి, కుడివైపు పడవల దగ్గర నిలబడి, ఆడవాళ్లు, పిల్లలు దగ్గర్లో లేనప్పుడు మగవాళ్లనూ ఎక్కించి పంపినవాడు ఆయన. స్కాట్లాండ్‌లోని ఆయన సొంత ఊరు డాల్‌బీటీ దీనికి చాలా బాధపడింది. 1998లో స్టూడియో తరఫున ఒక వైస్ ప్రెసిడెంట్ అక్కడికి వెళ్లి క్షమాపణ చెప్పి, ఆ ఊరి స్కూల్లో మర్డాక్ పేరుతో ఇచ్చే బహుమతికి 5,000 పౌండ్లు ఇచ్చారు. సినిమా మాత్రం అలాగే ఉంది. గాంధీ మీద ఎవరు ఏ సినిమా తీసినా ఆయన రచనలు 100 సంపుటాలున్నాయి, సరిచూసుకోవచ్చు. మర్డాక్ గురించి లోకంలో చాలామందికి తెలిసింది ఆ సినిమా ఒక్కటే. పెద్దగా పేరు లేనివాళ్ల అసలు పేరు వాడుకున్నప్పుడు ఎక్కువ జాగ్రత్త ఉండాలి. ఈ మాట మీద ఆ రోజు క్లాసులో పెద్ద గొడవే జరిగింది, నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

ఇక మూడో కాలమ్. అందులో రాయడానికి చాలాసేపు ఎవరికీ ఏమీ తోచేది కాదు. తెర మీద లేనిది కంటికి కనపడదు కదా. అటెన్‌బరో ‘గాంధీ’ (1982) చూసినప్పుడు అంత్యక్రియల దృశ్యానికే అందరం కదిలిపోయాం. ఆ దృశ్యం చిత్రీకరణకు మూడు లక్షల మందికి పైగా వచ్చారు. మేడం ఏమీ అనలేదు, పూనా ఒడంబడిక ప్రతిని మా ముందు పెట్టారు. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో 1932లో ఎరవాడ జైల్లో గాంధీ నిరాహార దీక్ష, అంబేడ్కర్‌తో ఒప్పందం. అప్పుడు వెలిగింది. మూడు గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో అంబేడ్కర్ పాత్రే లేదు! ఒక్క మాటా తప్పు చెప్పకుండానే ఒక సినిమా ఇంత పెద్ద విషయాన్ని పక్కకు నెట్టగలదని నాకు తెలిసింది అప్పుడే. 2000లో జబ్బార్ పటేల్ తీసిన ‘అంబేడ్కర్’ సినిమాలో అదే ఒడంబడిక కీలకమైన ఘట్టం. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మన ‘అల్లూరి సీతారామరాజు’ (1974)కు నా మూడో కాలమ్‌లో మొదట రాసుకున్న పేరు గాం మల్లుదొర. తెర మీద గంటందొర, మల్లుదొర రాజు అనుచరులు. కానీ ఆ అన్నదమ్ములకు రాజు రాకముందే గూడెంలో బ్రిటిష్ ప్రభుత్వంతో తగాదా ఉంది: అటవీ చట్టాలు పోడును అడ్డుకోవడం, రోడ్ల పనికి వెట్టిచాకిరీ. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపడంతో సినిమా అయిపోతుంది. మల్లుదొర కథ అవ్వలేదు. జైలుశిక్ష అనుభవించి వచ్చి, తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. దాని మీద ఒక సినిమా ఎందుకు రాలేదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ పేపర్ ఇప్పుడు సిలబస్‌లో లేదట. డిపార్ట్‌మెంట్‌కు నా విన్నపం, దయచేసి తిరిగి పెట్టండి. మొదటి పాఠంగా ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) తీసుకోవచ్చు. అది కల్పన అని సినిమావాళ్లే చెప్పారు, కాబట్టి రెండో కాలమ్‌తో పెద్దగా పని లేదు. కానీ 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన కొమురం భీం పోరాడింది నిజాం ప్రభుత్వంతో. ఆ ప్రభుత్వం సినిమాలో దాదాపు కనపడదు. ఆ పోరాటం తర్వాత గోండుల స్థితిగతుల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ నిజాం ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. ముందు అవి చదివించండి, ఆ తర్వాత సినిమా వేయండి.