మా పాత జిప్సీ కార్బొరేటర్ కంప్లైంట్లు: నా అనుభవం

పాత పెట్రోల్ జిప్సీ ఉన్నోళ్ళందరూ వినే మాట ఒకటుంది, బండి ఏ కంప్లైంట్ ఇచ్చినా సరే "కార్బొరేటర్ పోయింది సార్" అంటారు. కార్బొరేటర్ అంటే పెట్రోల్ ని గాలితో కలిపి ఇంజన్ కి పంపే భాగం. మాది 970 సీసీ బండి, 1985లో మారుతి మొదట దించిన జిప్సీ ఇదే, నాలుగు గేర్లు, పాయింట్ సెట్ ఇగ్నిషన్ (ప్లగ్గులకి కరెంటు పంపే పాత పద్ధతి). 1996లో 1.3 ఇంజన్ వచ్చింది, 2000లో ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్ ని కంప్యూటర్ లెక్కతో ఇంజన్ లోకి చిమ్మే పద్ధతి) వచ్చేసింది, ఆ ఎంపీఎఫ్‌ఐ బండ్లకి కార్బొరేటరే ఉండదు కాబట్టి వాళ్ళకి ఇది పనికిరాదు. మాకు పాకాల దగ్గర తోతాపురి మామిడి తోట ఉంది, వాన పడిందంటే ఆ దారిలో ట్రాక్టరు, ఈ జిప్సీ తప్ప ఇంకేదీ పోదు, అందుకే ఎంతమంది అమ్మేయమన్నా నాకు మనసు రాదు.

కాయ కోతలకి ముందు బండిని షెడ్డులోంచి బయటికి తీసినప్పట్నుంచి మొదలైంది. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఆగితే చాలు ఇంజన్ ఆఫ్ అయిపోతుంది, చోక్ (కార్బొరేటర్ లోకి గాలి తగ్గించే మీట) సగం లాగి పెడితే మాత్రం నిలబడుతుంది. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు కొంచెం దూరం బాగానే గుంజి, తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా చచ్చుబడిపోతుంది, ఒక నిమిషం పక్కన ఆపితే మళ్ళీ మామూలుగా ఎక్కుతుంది. ఇది కాక మధ్యాహ్నం ఎండలో టీకి ఆపి మళ్ళీ స్టార్ట్ చేద్దామంటే పట్టదు, బానెట్ ఎత్తితే గుప్పున పెట్రోల్ వాసన.

ఒక గ్యారేజీలో చూపిస్తే, ఉన్న కార్బొరేటర్ తీసి పక్కన పెట్టి వేరే కారుది ఏదో అడాప్టర్ ప్లేట్ మీద బిగిస్తామన్నారు. నాకు అది నచ్చలేదు. కంపెనీ వాళ్ళు ఆ ఇంజన్ కి, ఆ బరువుకి లెక్క చూసి జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న బొక్కల ముక్కలు) పెట్టి ఉంటారు, దాన్ని పారేసి అందాజాగా ఇంకోటి పెడితే మైలేజీ పోతుంది, ఘాట్ లో పికప్పూ పోతుంది. చంద్రగిరిలో పాత జీపులు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయినా. చెప్పిందంతా విని ఆయన ఒకటే మాటన్నాడు, "నాయనా, ఒకటేమో పెట్రోల్ చాలక, ఇంకోటేమో పెట్రోల్ ఎక్కువై. రెండిటికీ ఒకటే మందు ఎట్లా పనిచేస్తాది?" అని. నాకు కళ్ళు తెరుచుకున్నది అక్కడే.

చోక్ లాగితే నిలబడుతుంది అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని అర్థం. ఆ గాలి దొంగదారిలో వస్తుందా, లేక స్లో జెట్ (ఐడిల్ లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, పెట్రోల్ ఇచ్చే జెట్) మూసుకుపోయి పెట్రోలే రావట్లేదా అనేది తేల్చాలి. ముందు ప్లగ్గులు, పాయింట్ గ్యాప్, టైమింగ్ సరిచేసుకున్నాం, ఎందుకంటే పాయింట్ మాడిపోయి ఉన్నా బండి ఇట్లనే మిస్సింగ్ కొడుతుంది, అది వదిలేసి కార్బొరేటర్ మీద పడితే టైం దండగ. తర్వాత ఇంజన్ ఆన్ లో పెట్టి, కార్బొరేటర్ అడుగుకీ, మానిఫోల్డ్ (ఇంజన్ లోకి పోయే గొట్టం) కీ మధ్య ఉండే ఆ మందపాటి ఇన్సులేటర్ చుట్టూ కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెంగా స్ప్రే చేసి చూశాం. గాలి లాగుతా ఉంటే ఆర్‌పీఎం టక్కున మారుతుంది. మా బండికి అక్కడ మారలేదు కానీ, ఒక వాక్యూమ్ హోసు చివర మాత్రం మారింది, చూస్తే వేలితో వంచగానే పగుళ్ళు విచ్చుకుంటా ఉన్నాయి. అది మార్చినాక కొంచెం మెరుగు, అయినా చోక్ లేకుండా నిలబడలేదు.

తర్వాత సోలనాయిడ్, అంటే ఐడిల్ పెట్రోల్ దారిని కరెంటుతో తెరిచే చిన్న వాల్వ్. కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, దాని వైరు పీకి మళ్ళీ తగిలిస్తే టిక్ అని వినపడాలి. ఆ టిక్ లేకపోతే ఐడిల్ కి పోయే పెట్రోల్ దారి మూసుకునే ఉంటుంది, ఇంక కార్బొరేటర్ ఎంత కడిగినా లాభం లేదు. మాది టిక్ అంది, సరే అని పైమూత విప్పాం.

ఫ్లోట్ చాంబర్ (కార్బొరేటర్ లో పెట్రోల్ నిలవుండే గిన్నె) అడుగున ఎర్రగా, మెత్తగా బురద. దానిమీద అక్కడక్కడా తెల్లటి పొడి, గోటితో గీకితే పొలుసులుగా లేచింది. స్లో జెట్ తీసి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే మామూలుగా సూది మొనంత వెలుగు కనపడాలి, మాకు చీకటి. అక్కడ ఉన్న కుర్రోడు సన్న తీగ తెచ్చాడు పొడవడానికి, పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. జెట్ ఇత్తడిది, తీగతో పొడిస్తే బొక్క పెద్దదవుతుంది, ఒకసారి పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు. క్లీనర్ లో నానబెట్టి, తర్వాత కంప్రెసర్ గాలి కొడితే వెలుగొచ్చింది. జెట్ ఒక్కటే కాదు, దాని వెనకాల బాడీలో ఉండే సన్న దారులన్నిటికీ గాలి కొట్టాలి, చాలామంది ఇది చేయరు, అందుకే వారం తిరక్కుండా మళ్ళీ అదే కంప్లైంట్.

ఆ ఎర్ర బురద ట్యాంకు తుప్పు. షెడ్డులో చాన్నాళ్ళు సగం ట్యాంకుతో నిలబడితే ఇదే జరుగుతుంది, పైగా 2023 నుంచి ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్ బంకుల్లోకి వచ్చింది, ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుకీ అది పడదు. ట్యాంకు దించి కడిగించి, ఫిల్టర్ కొత్తది వేశాం.

ఘాట్ లో చచ్చుబడేదానికి కార్బొరేటర్ తో సంబంధమే లేదని తర్వాత తెలిసింది. కాయిల్ వైరు పీకేసి, పెట్రోల్ పైపుని కార్బొరేటర్ దగ్గర విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పెట్రోల్ గట్టిగా చిమ్ముతా రావాలి, మాకు బుడగలు బుడగలుగా వచ్చింది (ఈ పని ఆరుబయట చేయండి, దగ్గర్లో బీడీ కాదుకదా ఫోన్ చార్జర్ కూడా ఉండకూడదు). ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు పైపుకి క్లిప్పు కింద చీలిక. పంపు లాగే వైపు చీలిక ఉంటే పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కింద ఒక్క చుక్క కూడా కనపడదు, ఎవరికీ అనుమానం రాదు. ప్లేన్ రోడ్డులో ఆ కాస్త పెట్రోల్ సరిపోతుంది, ఘాట్ లో ఫుల్ గా తొక్కినప్పుడు చాంబర్ ఖాళీ అయిపోతుంది. ఇథనాల్ కి ఆగే పైపు వేసినాక భాకరాపేట ఘాట్ ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది, ఆరోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఎండలో పట్టకపోవడానికి కారణం నీడిల్ వాల్వ్, అంటే చాంబర్ నిండగానే పెట్రోల్ రాకుండా మూసే సూది. కార్బొరేటర్ ముందు చిన్న గాజు ఉంటుంది, అందులో పెట్రోల్ మట్టం మధ్యలో గుర్తు దగ్గర ఉండాలి, మాది పైకి ఉండింది. నీడిల్ మొన మీద గోరు పెట్టి చూస్తే అరుగుడు గీత తగిలింది. తోటలో గట్టు ఎక్కేటప్పుడు బండి వాలితే ఆఫ్ అయ్యేది కూడా ఇందుకే, ఎక్కువైన పెట్రోల్ ఒరిగి ఇంజన్ లోకి పోయేది. రిపేర్ కిట్ లో నీడిల్, గ్యాస్కెట్లు, కార్బొరేటర్ లోపలి యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం (రబ్బరు పొర) అన్నీ కలిపి వస్తాయి, మొత్తం మార్చేశాం.

చివర్లో ఇంజన్ బాగా వేడెక్కినాక ట్యూనింగ్. మిక్చర్ స్క్రూ (ఐడిల్ లో పెట్రోల్ పాలు సరిచేసేది) మెల్లగా లోపలికి తిప్పి, ఆనగానే ఆపాలి, బిగించకూడదు, మొన మీద గాడి పడితే మళ్ళీ సెట్ కాదు. అక్కడ్నుంచి బయటికి తిప్పుతా ఐడిల్ ఎక్కడ ఎక్కువ వస్తుందో అక్కడ పెట్టి, కొంచెం లోపలికి. చెవి లెక్క సరిపోతుంది కానీ నేను పొల్యూషన్ సెంటర్ కి తీసుకుపోయినా, ఇంత పాత పెట్రోల్ కార్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు, మాది దానికి బాగా లోపలే వచ్చింది. మిక్చర్ సరిగ్గా ఉందా లేదా అని తెలుసుకోడానికి అంతకంటే చవకైన మీటర్ నాకు తెలీదు, పోతే సర్టిఫికెట్టు కూడా వస్తుంది.

ఇప్పుడు పంపు ముందు ఒక ట్యాపు పెట్టించినా. కోతలు అయిపోయి బండి షెడ్డులో పెట్టేటప్పుడు ట్యాపు కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా వదిలేస్తే చాంబర్ లో పెట్రోల్ మిగలదు.